వంగని వాద్యం, నిలవని వాద్యం: పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారు?

ఇవాళ టాపిక్ కొంచెం వేరే. ఫోన్ రివ్యూ లేదు, జాబ్ టిప్స్ లేవు. సంగీతం గురించి మాట్లాడుకుందాం. పక్కనే ఇయర్‌ఫోన్స్ ఉంటే తీసి పెట్టుకోండి, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. అకార్డియన్ తెలుసు కదా? మెడకి తగిలించుకుని, రెండు చేతులతో లాగుతూ నొక్కుతూ వాయిస్తారు. పాత హిందీ సినిమా 'సంగమ్'లో రాజ్ కపూర్ చేతిలో ఉంటుంది చూడండి, అదే. ఆ వాద్యంతో ప్రయోగాత్మక సంగీతంలోకి వెళ్ళి, అప్పటికప్పుడు పుట్టించే సంగీతమే జీవితంగా బతికినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. మరి మనవైపు అలాంటి కెరీర్ ఎవరికైనా ఉందా? బయటి దేశపు చిన్న వాద్యం పట్టుకుని, ఇది మన సంగీతానికి పనికిరాదు అన్నచోటే మొదలుపెట్టి, చివరికి ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంప్రొవైజర్ల పక్కన కూర్చున్నవాళ్ళు?

ఉన్నారు. అకార్డియన్ కాదు, మాండలిన్. పేరు ఉప్పలపు శ్రీనివాస్. ఊరు పాలకొల్లు. కానీ ఆయన చేసిన పని ఎంత కష్టమో తెలియాలంటే ముందు అకార్డియన్ దగ్గర కాసేపు ఆగాలి.

అకార్డియన్ అనే పేరుతో 1829లో వియన్నాలో సిరిల్ డెమియాన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. లోపల ఉండేది చాలా సింపుల్. పలుచని లోహపు నాలుకలు ఉంటాయి, వాటినే రీడ్స్ అంటారు. తిత్తి లాగితే గాలి వాటి మీదుగా పోతుంది, నాలుక కొట్టుకుంటుంది, శబ్దం వస్తుంది. ఒక్కో నాలుక ఒక్కో స్వరానికి కోసి పెట్టి ఉంటుంది. మన హార్మోనియం కూడా ఇదే కుటుంబం. కాళ్ళతో తొక్కే యూరప్ హార్మోనియంని చేత్తో తిత్తి కొట్టేలా, నేల మీద కూర్చుని వాయించేలా మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. 1875 ప్రాంతంలో.

ఆ పెట్టె మన దగ్గరికి వచ్చి ఏం చేసిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా పొదిలి వైపు గానీ, గుంటూరు వైపు గానీ తిరునాళ్లకి పద్య నాటకం పెట్టారంటే ముందు వెతికేది హార్మోనిస్టు కోసమే. హరిశ్చంద్రుడు కాటి సీను పద్యం ఎత్తుకున్నాడు, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తున్నాడు. ఎంతసేపు తీస్తాడు? ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు. జనం ఊగిపోతుంటే ఇంకో రెండు నిమిషాలు సాగదీస్తాడు. ఎవరో వన్స్‌మోర్ అంటారు. మళ్ళీ మొదలు. ఇదంతా హార్మోనిస్టు పేపర్ చూసి వాయించట్లేదు. నటుడి గొంతు ఎటు పోతే అటు, అర సెకను వెనకాలే పోతున్నాడు. న్యూయార్క్‌లో టికెట్ పెట్టి ఇంప్రొవైజేషన్ అని చూపించేది మన దగ్గర తెల్లారేదాకా ఫ్రీగా నడిచింది. దీన్ని మనం కళగా లెక్కపెట్టలేదు, అది వేరే గొడవ.

సరే, హార్మోనియంతో ఇబ్బంది ఏంటి? మెట్టు నొక్కితే స్వరం వస్తుంది. ఇంకో మెట్టు నొక్కితే ఇంకో స్వరం. ఆ రెండింటి మధ్యలో ఏమీ లేదు. మన సంగీతంలో అసలు సరుకు ఆ మధ్యలోనే ఉంటుంది. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉండే స్వరం. దాన్ని నిలబెట్టి వాయిస్తే తోడి చచ్చిపోతుంది. ఆ ఊపుని, ఆ జారుడుని గమకం అంటారు. కోడింగ్ తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను: గొంతు కంటిన్యూయస్, హార్మోనియం డిస్క్రీట్. గాలి ఒత్తిడి మార్చి రీడ్‌ని కొంచెం వంచే కిటుకులు ఉన్నాయిలెండి, కానీ తోడికి ఆ కొంచెం సరిపోదు.

ఈ కారణంతోనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని స్టూడియోలోకి రానివ్వడం మానేసింది. 1971లో కొంత సడలించేదాకా, అంటే సుమారు 30 ఏళ్ళు, ఆ నిషేధం నడిచింది. దేశం మొత్తం వినే మైక్ అది ఒక్కటే ఉన్న రోజులు. ఒక వాద్యాన్ని అక్కడ ఆపేశారంటే, అది వాయించేవాళ్ళ బతుకుతెరువుని ఆపేసినట్టే. వాద్యానికి అర్హత ఉందా లేదా అనే వాదన వినడానికి పండితుల గోలలా ఉంటుంది గానీ, దాని కింద అన్నం ప్రశ్న ఉంటుంది.

హార్మోనియం, అకార్డియన్‌లకి ఒక పెద్ద బలం ఉంది. గాలి ఉన్నంతసేపు స్వరం నిలబడుతుంది. వంగదు, కానీ నిలుస్తుంది. ఆ బలాన్నే పట్టుకుని కెరీర్ కట్టుకున్నావిడ ఒకరు ఉన్నారు. అమెరికాలో పౌలిన్ ఒలివెరోస్. 1932లో హ్యూస్టన్‌లో పుట్టారు, 2016లో చనిపోయారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇంటికి అకార్డియన్ తెస్తే దాన్ని పట్టుకున్నారు, జీవితాంతం వదల్లేదు. అమెరికాలో కూడా అకార్డియన్ అంటే పెళ్ళి డాన్సుల వాద్యం అని చిన్నచూపే. ఆవిడ దాని రీడ్స్‌ని వేరే పద్ధతిలో శ్రుతి చేయించుకున్నారు. ఎలక్ట్రానిక్ డిలే పెట్టి, వాయించిన స్వరం కాసేపాగి తిరిగి తన దగ్గరికే వచ్చేలా చేసుకున్నారు.

1988లో అయితే వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాత మిలిటరీ నీళ్ళ ట్యాంకులోకి దిగారు. భూమి కింద 14 అడుగుల లోతు. అందులో ఒక శబ్దం చేస్తే 45 సెకన్లు మోగుతూనే ఉంటుంది. తోటి కళాకారులతో అక్కడే కూర్చుని, అప్పటికప్పుడు వాయించి రికార్డ్ చేశారు. మీరు వాయించిన స్వరం 45 సెకన్లు మీ మీదే తిరిగి పడుతుంటే తొందరపడి ఏదీ వాయించలేరు. ముందు వినాలి, తర్వాతే వేలు కదపాలి. ఆ ఆల్బమ్ పేరు 'డీప్ లిజనింగ్', 1989లో వచ్చింది. లోతుగా దిగి చేశారు కాబట్టి ఆ పేరులో ఒక జోకు కూడా ఉంది.

ఇప్పుడు మన పాలకొల్లుకి వద్దాం. మాండలిన్ కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 'దిల్‌వాలే దుల్హనియా'లో ఆవాల పొలంలో షారుఖ్ చేతిలో ఉంటుంది కదా, ఆ వాద్యం. మామూలు మాండలిన్‌కి 8 తీగలు, జంటలు జంటలుగా 4 వరసలు. మెడ పొట్టి. తీగలు బాగా బిగుతు. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మీటగానే టింగ్ అంటుంది, అంతే, చచ్చిపోతుంది. అందుకే ఇటలీ వాళ్ళు ఒకే స్వరాన్ని టకటకా మీటుతూ సాగుతున్నట్టు భ్రమ కల్పిస్తారు.

తీగ వాద్యం కాబట్టి వంచొచ్చు కదా అంటారేమో. వీణలో వంచుతారు. వీణ మెట్లు ఎత్తుగా మైనంలో కూర్చుని ఉంటాయి, తీగ కాస్త వదులుగా ఉంటుంది, పక్కకి లాగితే స్వరం పైకి వెళ్తుంది. మాండలిన్‌లో ఆ జాగా ఏదీ? పైగా జంట తీగలు. రెండింటినీ ఒకే కొలతలో లాగాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా అపశ్రుతి. సరే, లాగడం మానేసి వేలు జారుద్దాం అనుకున్నా, వేలు గమ్యం చేరేలోపు శబ్దం అయిపోతుంది. అంటే అకార్డియన్ నిలుస్తుంది గానీ వంగదు, మాండలిన్‌కి వంచే అవకాశం లేశమంత ఉంది గానీ నిలవదు.

శ్రీనివాస్ పుట్టింది 1969 ఫిబ్రవరి 28న. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. పిల్లాడు ఐదారేళ్ళ వయసులో దాన్ని తీసి వాయించడం మొదలుపెట్టాడు. నాన్న గమనించి, తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర పెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, పాడే మనిషి. ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకోండి. గురువుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడతాడు, పిల్లాడు ఆ పాటని మాండలిన్ మీద వెతుక్కుంటాడు. ఇంతే పాఠం.

నాకైతే మొత్తం కథకి మూలం ఇక్కడే కనిపిస్తుంది. మాండలిన్ వచ్చిన మాస్టారి దగ్గర చేరి ఉంటే, ఆ వాద్యం ఏం చేయలేదో కూడా మొదటి నెలలోనే నేర్చేసుకునేవాడు. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. గొంతు ఇలా ఊగింది, వేళ్ళు కూడా ఇలా ఊగాలి, ఎలాగో నువ్వే చూసుకో. ఆరేడేళ్ళ పిల్లాడికి అది అసాధ్యం అని తెలియదు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ. వయసు 9. తర్వాత కుటుంబం మద్రాసుకి మారింది. 1981 డిసెంబర్ సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద కూర్చున్నాడు, 12 ఏళ్ళ వయసులో. మద్రాసు డిసెంబర్ సీజన్ అంటే కర్ణాటక సంగీతానికి ఫైనల్ ఇంటర్వ్యూ రౌండ్ లాంటిది. హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మందికి కృతులు కంఠతా వచ్చి ఉంటాయి. ఆ జనం ముందుకి, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని ఒక తెలుగు పిల్లాడు. సందేహించినవాళ్ళు ఉన్నారు, ఇదేం వాద్యం అన్నవాళ్ళూ ఉన్నారు. సందేహం అన్యాయం అని నేను అనను. వాద్యం గురించి వాళ్ళు చెప్పే కారణాలన్నీ సాంకేతికంగా కరెక్టే. కాకపోతే వాళ్ళు మాట్లాడుతున్నది 8 తీగల పాత మాండలిన్ గురించి. అతని ఒళ్ళో ఉన్నది అది కాదు.

ఏం మార్చాడో చూద్దాం. ఒకటి, జంట తీగలు తీసేశారు. 4 జంటల బదులు 5 ఒంటి తీగలు. తీగ ఒక్కటే అయితే వేలి కింద ఎటు కావాలంటే అటు కదులుతుంది. పైగా తీగల వరస ఒకటి పెరగడం వల్ల గాత్రం తిరిగే మూడు స్థాయిలకీ చోటు వచ్చింది. ఇక రెండోది, నా లెక్కలో అసలుది: బోలు పెట్టె బదులు గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్. బోలు పెట్టె ఉన్న వాద్యం తీగ శక్తిని తీసుకుని గాలిలోకి గబగబా ఇచ్చేస్తుంది. పెద్దగా వినిపిస్తుంది, త్వరగా అయిపోతుంది. గట్టి చెక్క ఆ శక్తిని అంత తొందరగా తినదు కాబట్టి తీగ ఎక్కువసేపు కదులుతుంది. ఆ చిన్న కదలికని పికప్ పట్టుకుని యాంప్లిఫైయర్‌కి ఇస్తుంది. ఫలితం ఏంటంటే, ఒకసారి మీటి, వేలిని మూడు నాలుగు మెట్ల మీద జార్చుకుంటూ పోయినా చివర్లో ఉన్న ఊపు కూడా వినిపిస్తుంది. చాలామంది ఎలక్ట్రిక్ అనగానే సౌండ్ పెద్దది చేయడానికి అనుకుంటారు. ఇక్కడ పని అది కాదు, స్వరం ఆయుష్షు పెంచడం.

మిగతాది ఎడమ చేతి పని. అది యంత్రంతో రాదు. జారుడు ఎక్కడ మొదలవ్వాలి, మెట్టు మీద ఎంత ఒత్తు ఉండాలి, మీటు ఎప్పుడు మానెయ్యాలి. గాయకుడు ఒకే శ్వాసలో పాడేదానికి తను ఒకే మీటు వాడాలి. ఇవన్నీ చూసి నేర్చుకోవడానికి ముందున్న మోడల్ ఏదీ లేదు. మాండలిన్ మీద రాగం వాయించినవాళ్ళు అసలే లేరని కాదు. హిందీ సినిమా సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ పెద్ద మాండలిన్ విద్వాంసుడు. కానీ కర్ణాటక కచేరీ మొత్తాన్ని, వర్ణం నుంచి మంగళం దాకా మాండలిన్ మీద నిలబెట్టింది శ్రీనివాసే.

కర్ణాటక కచేరీ అంటే రాసిపెట్టింది వాయించడం కాదు. కృతి ఫిక్స్‌డే. కానీ దానికి ముందు వచ్చే ఆలాపన, మధ్యలో వచ్చే నెరవు, కల్పన స్వరాలు, ఇవన్నీ అప్పటికప్పుడే పుట్టాలి. దీన్ని మనోధర్మం అంటారు. ఈ రోజు వాయించిన కల్యాణి రేపు రాదు. అందుకే 1983లో, 14 ఏళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్ళి వాయిస్తే అక్కడివాళ్ళకి పెద్దగా పరిచయాలు అవసరం పడలేదు. జాజ్ జనానికి రాగం పేరు తెలియకపోవచ్చు, కానీ ఒక మనిషి వేదిక మీద అప్పుడే ఆలోచిస్తున్నాడా, బట్టీ అప్పజెప్తున్నాడా అన్నది వాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

చిన్నప్పుడు మెరిసి, గొంతు మారేసరికి మాయమైపోయిన బాల మేధావుల లిస్టు పెద్దదే. ఈయన 1978 నుంచి 2014 దాకా, 36 ఏళ్ళు, కచేరీలు చేస్తూనే ఉన్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. అవార్డుల సంగతి అక్కడితో వదిలేద్దాం. ప్రయోగాల వైపు ఎలా వెళ్ళారన్నది నాకు ఎక్కువ ఆసక్తి.

1994లో పీటర్ గాబ్రియెల్ పెట్టిన రియల్ వరల్డ్ రికార్డ్స్ ఆయన కర్ణాటక ఆల్బమ్ 'రామ శ్రీరామ' వేసింది. మరుసటి ఏడు, 1995లో, అదే కంపెనీ నుంచి 'డ్రీమ్' వచ్చింది, కెనడా గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి. ఈ బ్రూక్ ఎవరంటే, ఇన్ఫినిట్ గిటార్ అనే దాన్ని తయారుచేసిన మనిషి. ఒకసారి మీటితే స్వరం ఆగదు, మీరు ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. యూటూ బ్యాండ్ వాళ్ళ 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో వెనకాల సాగే ఆ శబ్దం ఆ గిటార్‌దే. ఇప్పుడు కలపండి: స్వరం త్వరగా చచ్చిపోవడమే పెద్ద సమస్యగా ఉన్న వాద్యం పక్కన, స్వరం అసలు చావని వాద్యం. కింద పొగమంచులా శ్రుతి కమ్ముకుని ఉంటుంది, దాని మీద మాండలిన్ చినుకులా పడుతుంది. ఒలివెరోస్ నీళ్ళ ట్యాంకుతో చేసిన పనిని ఇక్కడ సర్క్యూట్ చేస్తోంది అనుకోండి.

'డ్రీమ్' మొత్తం నాకు నచ్చిందా అంటే, లేదు. కొన్ని చోట్ల మాండలిన్ అలంకారం అయిపోయింది, వాల్‌పేపర్‌లా. రాగం ఎదగడానికి టైమ్ దొరకదు. కానీ దొరికిన చోట మాత్రం, కచేరీలో వినని ఒక ఖాళీ వినిపిస్తుంది. ఆయన రెండు వాక్యాల మధ్య ఆగుతారు. ఆ ఆగడం బాగుంటుంది.

తర్వాతది రిమెంబర్ శక్తి. 1970లలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ కలిసి నడిపిన శక్తి బ్యాండ్ 1997లో ఈ కొత్త పేరుతో మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత శ్రీనివాస్ అందులో చేరారు. ఘటం, కంజీరాలతో సెల్వగణేష్, తర్వాత గాయకుడు శంకర్ మహదేవన్. మెక్‌లాఫ్లిన్ అంటే గిటార్ స్పీడుకి ప్రపంచంలో పేరు మోసిన మనిషి. ఆయన ఒక ముక్క వాయిస్తాడు, శ్రీనివాస్ దాన్ని పట్టుకుని తిప్పి ఇస్తారు. మన హరికథలో, నాటకంలో వంతుపాట లాంటిదే అనుకోండి, కాకపోతే మెరుపు వేగంతో. గమనించాల్సింది స్పీడు కాదు. మెక్‌లాఫ్లిన్ ముక్క తిరిగి వచ్చేటప్పటికి దానికి గమకం అంటుకుని ఉంటుంది. అదే స్వరాలు, యాస మారిపోయింది. మనవాళ్ళు ఇంగ్లిష్ మాట్లాడినా ఊరు తెలిసిపోతుంది చూడండి, అలా. 2001లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' అనే లైవ్ ఆల్బమ్‌లో ఇది బాగా దొరుకుతుంది.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో చనిపోయారు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులు. వయసు 45. వేరే రంగంలో అయితే అది మధ్య వయసు. కర్ణాటక సంగీతంలో ఇంకా పండని వయసు, అరవై దాటాక అసలు సంగీతం మొదలవుతుందంటారు.

ఆయన తర్వాత ఏమైంది అంటే, తమ్ముడు రాజేష్ వాయిస్తున్నారు. శిష్యులు ఉన్నారు. మాండలిన్ సిస్టర్స్ అని శ్రీఉష, శిరీష కూడా కచేరీలు చేస్తున్నారు. కానీ ఒక సమస్య అలాగే ఉంది. వీణ కావాలంటే బొబ్బిలి పోవచ్చు, తంజావూరు పోవచ్చు, చేసే కుటుంబాలు ఉన్నాయి. మ్యూజిక్ షాపుకి వెళ్ళి మాండలిన్ అడిగితే చేతిలో పెట్టేది 8 తీగలదే. ఐదు ఒంటి తీగల గట్టి చెక్క మాండలిన్ కావాలంటే దాదాపు చేయించుకోవాల్సిందే. అసలు పోలిస్తే వయొలిన్ సంగతి వేరు. 1800ల మొదట్లో బాలుస్వామి దీక్షితార్ దాన్ని మన సంగీతంలోకి తెచ్చినప్పుడు వాద్యంలో పెద్దగా మార్చాల్సిన పని పడలేదు, మెట్లే లేవు దానికి. పట్టుకునే తీరు మార్చారు, అయిపోయింది. అందుకే ఇవాళ ప్రతి ఊళ్ళో దొరుకుతుంది. మాండలిన్‌కి ఆ అదృష్టం ఇంకా రాలేదు. ఒక వాద్యం నిలబడాలంటే ఒక మేధావి చాలడు, దాన్ని చేసే వడ్రంగి, అమ్మే షాపు, నేర్పే మాస్టారు ముగ్గురూ కావాలి.

ఇక వినడం ఎలాగో చెప్పి ముగిస్తాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమన్నది ఇందుకే: ఫోన్ స్పీకర్‌లో కింది తీగ దాదాపు వినపడదు, జారుడు చివర ఉండే ఊపు అసలే వినపడదు. అంటే ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఎగిరిపోతుంది. ముందు 'రామ శ్రీరామ'లో ఏదైనా ఆలాపన పెట్టండి. తాళం ఉండదు, కంగారు పడకండి. మీటు శబ్దం ఎన్నిసార్లు వచ్చింది, స్వరాలు ఎన్ని వచ్చాయి, లెక్కపెట్టండి. ఒక మీటుకి నాలుగైదు స్వరాలు పలికితే అది జారుడు పని. తర్వాత 'డ్రీమ్' పెట్టండి, వెనకాల ఆగకుండా సాగే శబ్దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వినండి. చివర్లో ఒలివెరోస్ 'డీప్ లిజనింగ్'. అది రాత్రి పూట, లైట్ ఆపేసి. పది నిమిషాల దాకా ఏమీ జరగట్లేదు అనిపిస్తుంది, స్కిప్ కొట్టకండి.

వచ్చే ఎపిసోడ్ మళ్ళీ మన మామూలు టాపిక్కే, బడ్జెట్ ఫోన్లు. అందులో ఇయర్‌ఫోన్స్ గురించి కూడా మాట్లాడదాం, ఎలాగూ ఇవాళ మొదలుపెట్టాం కాబట్టి. ఉంటాను మరి, బై.